గుండెలో ఏది చెడింది? కండరమా, కవాటమా, కరెంటా, రక్తనాళమా

"ఆయనకు గుండె జబ్బట" అన్న మాట వింటే మనకు తెలిసేది చాలా తక్కువ. చిన్నప్పటి గొంతునొప్పి మిగిల్చిన దెబ్బతో కవాటం బిగుసుకుపోయిన ముప్పై ఏళ్ల మహిళ, రక్తనాళంలో స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేయించుకున్న యాభై ఏళ్ల మనిషి, నాడి నిమిషానికి 35కి పడిపోయి కళ్లు తిరిగి పడిపోతున్న ఎనభై ఏళ్ల పెద్దాయన. ముగ్గురివీ గుండె జబ్బులే, కానీ చెడిన భాగాలు వేరు. నాడిని నెమ్మదింపజేసే బీటా బ్లాకర్ మాత్ర మొదటి ఇద్దరికీ చాలాసార్లు మేలు చేస్తుంది. అదే మాత్ర పేస్‌మేకర్ (గుండెను కొట్టుకునేలా చేసే చిన్న యంత్రం) లేని ఆ పెద్దాయనకు ఇస్తే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి గుండె గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న "జబ్బు ఉందా లేదా" కాదు, "ఏ భాగం చెడింది" అన్నది. ఆ భాగాలు నాలుగు: రక్తాన్ని తోసే కండరం, దాన్ని వెనక్కి రానివ్వని కవాటాలు, ఎప్పుడు కొట్టుకోవాలో చెప్పే కరెంటు, ఆ కండరానికి తిండి పెట్టే సొంత రక్తనాళాలు.

పక్కపక్కనే రెండు పంపులు

పెద్దవాళ్ల గుండె బరువు 250 నుంచి 350 గ్రాములు. పరిమాణం ఎవరి పిడికిలంత వాళ్లకు ఉంటుంది. పైకి ఒక్కటిగా కనిపించినా, నడిమి గోడకు అటూ ఇటూ ఉన్నవి రెండు వేర్వేరు పంపులు. ఒళ్లంతా తిరిగి ఆక్సిజన్ ఖర్చయిన రక్తం మహాసిరల ద్వారా కుడి కర్ణికకు, అక్కడి నుంచి కుడి జఠరికకు చేరుతుంది. కుడి జఠరిక దాన్ని ఊపిరితిత్తులకు తోస్తుంది. అక్కడ ఆక్సిజన్ నింపుకున్న రక్తం ఎడమ కర్ణికకు వచ్చి, ఎడమ జఠరికలోకి దిగి, బృహద్ధమని గుండా తల మొదలు కాలి వేళ్ల దాకా వెళుతుంది. కర్ణికలు రక్తం వచ్చి చేరే గదులు, జఠరికలు దాన్ని బయటికి తోసే గదులు.

ఒక్కో దెబ్బకు రెండు వైపులా తోసే రక్తం ఒకే కొలత, సుమారు 70 మిల్లీలీటర్లు. నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటే అది దాదాపు 5 లీటర్లు. అంటే ఒంట్లో ఉన్న రక్తమంతా నిమిషానికి ఒకసారి గుండె దాటిపోతుంది. కొలత ఒకటే అయినా శ్రమ ఒకటి కాదు. ఊపిరితిత్తులు పక్కనే ఉన్నాయి, వాటి నాళాలు మెత్తగా ఉంటాయి. అందుకే కుడి జఠరిక 25 మి.మీ. పాదరస పీడనంతో పని కానిచ్చేస్తుంది. ఎడమ జఠరిక 120 దాకా వెళ్లాలి. కుడివైపు గోడ మూడు నాలుగు మిల్లీమీటర్లే ఉంటే ఎడమ గోడ సెంటీమీటరు దగ్గర ఉండటానికి కారణం ఇదే. బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఆ ఎడమ గోడ ఇంకా మందమవుతుంది. చేతి కండ పెరిగితే బలం, గుండె గోడ పెరిగితే చేటు. మందమైన గోడ సరిగా సడలదు, సడలని గదిలోకి రక్తం సులువుగా దిగదు.

నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండెలో ఒక్కో దెబ్బకు పట్టే సమయం 0.8 సెకన్లు. అందులో జఠరికలు బిగుసుకునేది 0.3 సెకన్లే, మిగతా 0.5 సెకన్లు సడలి ఉంటాయి. ఈ అరసెకను విశ్రాంతిని గుర్తుపెట్టుకోండి, ముందుముందు చాలా జబ్బుల గుట్టు ఇందులోనే ఉంది. సడలినప్పుడు కర్ణికల్లోని రక్తంలో ముప్పాతిక వంతు దానంతట అదే కిందికి జారుతుంది, చివరి పావు వంతును కర్ణిక బిగుసుకుని నెడుతుంది. జఠరికలు బిగుసుకోగానే కర్ణికలకూ వాటికీ మధ్య ఉన్న రెండు కవాటాలు మూసుకుంటాయి, స్టెతస్కోపులో వినిపించే "లబ్" ఆ చప్పుడే. రక్తం బయటికి వెళ్లాక బృహద్ధమని, ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమని మొదట్లో ఉన్న కవాటాలు మూసుకుంటే "డబ్".

ఈ వరస తప్పకుండా చూసేది కరెంటు. కుడి కర్ణిక పైభాగంలో ఉండే సైనస్ నోడ్ అనే చిన్న కణాల ముద్ద నిమిషానికి 60 నుంచి 100 సార్లు తనంతట తానే సంకేతం పుట్టిస్తుంది. అది కర్ణికల్లో పాకి, గుండె మధ్యలో ఉన్న ఏవీ నోడ్ దగ్గర సెకనులో పదో వంతు ఆగుతుంది. ఆ చిన్న ఆలస్యంలోనే కర్ణికలు తమ పావు వంతు రక్తాన్ని దించేస్తాయి. ఆ తర్వాత సన్నటి తీగల్లాంటి దారుల్లో సంకేతం జఠరికలంతటా వ్యాపిస్తుంది. సైనస్ నోడ్ మొరాయిస్తే ఏవీ నోడ్ నిమిషానికి 40–60 వేగంతో బాధ్యత తీసుకుంటుంది. అదీ చేతులెత్తేస్తే జఠరికలు 20–40 వేగంతో సొంతంగా నడుస్తాయి, అది బతికించడానికి చాలవచ్చు కానీ నిలబడి నడవడానికి చాలదు.

అందరికీ పంచే గుండె తన వాటా తీసుకునేది ఎప్పుడు?

గుండె గదుల నిండా రక్తమే ఉన్నా, ఆ రక్తం గుండె కండరానికి దాదాపు పనికిరాదు. గోడ అంత మందం, లోపలి నుంచి ఇంకడం కుదరదు. కాబట్టి బృహద్ధమని మొదలయ్యే చోటనే రెండు సన్నటి నాళాలు చీలి గుండె పైకి వెనక్కి తిరిగి వస్తాయి. వీటిని హృదయ ధమనులు అంటారు. ఎడమది కాస్త దూరం వెళ్లి రెండుగా చీలుతుంది, కుడిది విడిగా పోతుంది. డాక్టర్లు "మూడు నాళాల్లో బ్లాకులున్నాయి" అనేది ఈ మూడింటి గురించే. ఒక్కోదాని లోపలి వెడల్పు మూడు నాలుగు మిల్లీమీటర్లు.

ఇక్కడే గుండెకున్న బలహీనత బయటపడుతుంది. ఎడమ జఠరిక బిగుసుకున్నప్పుడు తన గోడలో ఉన్న నాళాలను తానే నొక్కేస్తుంది. కాబట్టి ఆ కండరానికి రక్తం ప్రధానంగా అందేది అది సడలి ఉన్న ఆ అరసెకనులోనే. ఇంకో ఇబ్బంది ఉంది. ఒంట్లోని భాగాలు మొత్తం మీద తమకు వచ్చిన రక్తంలోని ఆక్సిజన్‌లో పావు వంతే వాడుకుంటాయి, అవసరం పడితే ఇంకా తీసుకోవచ్చు. గుండె కండరం ఊరికే కూర్చున్నప్పుడే 70 శాతానికి పైగా పీల్చేసుకుంటుంది. ఇంక తీసుకోవడానికి మిగిలేది తక్కువ. శ్రమ పెరిగితే నాళాలు వెడల్పై ఎక్కువ రక్తం రావడం తప్ప దానికి వేరే దారి లేదు.

మెట్లెక్కుతుంటే ఛాతీలో బరువు, నిలబడి ఊపిరి తీసుకుంటే రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోవడం - ఈ నొప్పి పేరు యాంజైనా. నాళం 70 శాతం దాకా ఇరుకైతే ఊరికే ఉన్నప్పుడు సరిపోయే రక్తం శ్రమలో చాలదు. పైగా నాడి పెరిగితే రెండు వైపులా నష్టం: కండరం అవసరం పెరుగుతుంది, అది సడలి ఉండే సమయం తగ్గుతుంది. బీటా బ్లాకర్ మాత్ర నాళాన్ని ఏమీ తెరవదు, అయినా నొప్పి తగ్గిస్తుంది. నాడిని నెమ్మది చేసి, గుండెకు తన వాటా తీసుకునే సమయం పెంచడమే అది చేసే పని.

రిపోర్టులన్నీ నార్మల్, అయినా గుండెపోటు

గుండె గురించి జనంలో ఉన్న అపోహల్లో అన్నిటికన్నా ఖరీదైనది ఇది: కొవ్వు కొంచెం కొంచెం పేరుకుని, 50 శాతం, 70, 90, చివరికి 100 అయినప్పుడు గుండెపోటు వస్తుందని. పైపులో తుప్పు పట్టినట్టు జరుగుతుందనుకుంటాం. జరిగేది చాలాసార్లు అలా కాదు.

రక్తంలోని ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ రేణువులు నాళం లోపలి పొర దాటి గోడలోకి చొరబడతాయి. బీపీ, పొగాకు, షుగర్ ఆ పొరను దెబ్బతీసి చొరబాటును సులువు చేస్తాయి. గోడలో చిక్కుకున్న కొలెస్ట్రాల్‌ను తెల్ల రక్తకణాలు మింగి, అక్కడే ఉబ్బి చచ్చిపోతాయి. దాంతో గోడలో మెత్తటి కొవ్వు ముద్ద తయారై, దాని మీద నారలాంటి పొర కప్పుకుంటుంది. ఇదంతా యవ్వనంలోనే మొదలై దశాబ్దాల పాటు నడుస్తుంది. ఈ ముద్ద మొదట్లో లోపలికి కాదు, బయటి వైపుకు పెరుగుతుంది. నాళం తానే వెడల్పై రక్తం దారిని కాపాడుకుంటుంది. అందుకే గోడ నిండా జబ్బు ఉన్నా దారి ఇరుకు కాకపోవచ్చు.

ఒక రోజు ఆ పైపొర చిరుగుతుంది. లోపలి కొవ్వు రక్తానికి తగలగానే, గాయం అయిందనుకుని శరీరం అక్కడ గడ్డ కట్టిస్తుంది. నిన్నటి దాకా 40 శాతమే ఇరుకైన నాళం నిమిషాల్లో పూర్తిగా మూసుకుపోతుంది. నాళాన్ని ముంచింది ముద్ద పరిమాణం కాదు, దాని పైపొర పలచదనం.

ఇది అర్థమైతే పోయిన నెల ట్రెడ్‌మిల్ పరీక్ష నార్మల్ అన్న మనిషికి ఈ నెల గుండెపోటు ఎలా వచ్చిందో అర్థమవుతుంది. ట్రెడ్‌మిల్ పరీక్ష పట్టేది శ్రమలో రక్తం చాలని నాళాన్ని, అంటే బాగా ఇరుకైనదాన్ని. మధ్యస్తంగా ఉండి రేపు చిరిగే ముద్ద దానికి చిక్కదు. ఈసీజీ అయితే తీసిన ఆ పది సెకన్ల సంగతి మాత్రమే చెబుతుంది. యాంజియోగ్రామ్ కూడా నాళం లోపలి దారి నీడను చూపిస్తుంది, గోడలో ఏముందో చూపించదు. ఈ పరీక్షలు వృథా అని కాదు, వాటి నుంచి ఏ జవాబు ఆశించాలో తెలియాలి. "నాకు ఈ ఏడాది గుండెపోటు రాదు" అని రాసిచ్చే పరీక్ష ఏదీ లేదు.

స్టెంట్ సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. 1977లో ఆండ్రియాస్ గ్రుంట్‌సిగ్ జ్యూరిక్‌లో మొదటిసారి చిన్న బెలూన్‌తో హృదయ ధమనిని తెరిచాడు, స్టెంట్‌కు దారి వేసింది ఆ పద్ధతే. గుండెపోటు నడుస్తుండగా మూసుకున్న నాళాన్ని స్టెంట్‌తో తెరిస్తే ప్రాణం నిలుస్తుంది, ఇందులో సందేహం లేదు. కానీ శ్రమలో మాత్రమే నొప్పి వచ్చి, చాలాకాలంగా అదే తీరున ఉన్నవాళ్లలో స్టెంట్ నొప్పిని తగ్గిస్తుంది తప్ప, మంచి మందుల కన్నా ఎక్కువగా ఆయుష్షు పెంచదని పెద్ద పరీక్షల్లో మళ్లీ మళ్లీ తేలింది. కారణం పైన చెప్పుకున్నదే. స్టెంట్ ఒక చోటును తెరుస్తుంది, చిరగబోయే ముద్ద ఇంకో చోట ఉండవచ్చు. అన్ని చోట్లా ఒకేసారి పనిచేసి పైపొరను గట్టిపరిచేవి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ లాంటి మందులు. అయితే ఎడమ ప్రధాన నాళం మొదట్లోనే ఇరుకైనా, మూడు నాళాల్లో జబ్బుతో పాటు షుగర్ ఉన్నా, బైపాస్ ఆపరేషన్ ఆయుష్షు పెంచుతుంది. అందుకే అత్యవసరం కాని స్టెంట్‌కు ఒప్పుకునే ముందు "ఇది నొప్పి కోసమా, ప్రాణం కోసమా" అని సూటిగా అడగడంలో తప్పు లేదు. వేయించుకున్నాక మాత్రం రక్తం గడ్డకట్టనివ్వని రెండు మాత్రలను డాక్టరు చెప్పిన గడువు దాకా, గుండెపోటు తర్వాత అయితే సాధారణంగా ఏడాది పాటు, ఒక్కరోజు కూడా ఆపకూడదు. పన్ను పీకించుకోవాలని మధ్యలో ఆపేస్తే స్టెంట్‌లోనే గడ్డ కట్టి నాళం మూసుకుపోవచ్చు.

గుండెపోటు: గడియారం ఎప్పుడు మొదలవుతుంది

నాళం పూర్తిగా మూసుకున్న 20 నుంచి 40 నిమిషాల్లో కండరం చావడం మొదలవుతుంది. లోపలి పొర నుంచి బయటికి ఆ చావు పాకుతూ, ఆరు గంటలకల్లా చాలా భాగం అయిపోతుంది. చచ్చిన గుండె కండరం మళ్లీ పుట్టదు, మచ్చగా మిగులుతుంది. ఆస్పత్రికి చేరిన పది నిమిషాల్లో ఈసీజీ, 90 నిమిషాల్లో నాళం తెరవడం అన్న లెక్కలు అందుకే పెట్టుకున్నారు. ఆ సౌకర్యం రెండు గంటల లోపు అందని చోట గడ్డను కరిగించే ఇంజెక్షన్ వెంటనే ఇవ్వాలి. ఆలస్యమైన స్టెంట్ కన్నా వెంటనే ఇచ్చిన ఇంజెక్షన్ నయం.

కానీ ఎక్కువ సమయం పోయేది ఆస్పత్రిలో కాదు, ఇంట్లో. "గ్యాస్ అయ్యుంటుంది" అన్న ఒక్క మాట దగ్గర గంటలు గడిచిపోతాయి. గుండె అడుగు భాగం ఛాతీని, కడుపును వేరు చేసే కండర పొర (ఉదర వితానం) మీద ఆనుకుని ఉంటుంది. ఆ భాగానికి పోటు వస్తే కడుపు పైభాగంలో మంట, వికారం, వాంతి రావడం మామూలే, తేన్పు వస్తే కాస్త తేలికైనట్టు కూడా అనిపిస్తుంది. నొప్పి అంటే సూది గుచ్చినట్టు ఉంటుందనుకోకండి. బరువు పెట్టినట్టు, బిగించినట్టు, పిండినట్టు అని చెబుతారు. అది ఎడమ చేతికి, దవడకు, మెడకు, వీపుకు పాకవచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు నరాలు మొద్దుబారి నొప్పే తెలియకపోవచ్చు. వాళ్లలో, పెద్ద వయసు వాళ్లలో, మహిళల్లో ఉన్నట్టుండి ఆయాసం, చల్లటి చెమటలు, అంతుచిక్కని నీరసం మాత్రమే రావడం ఎక్కువ. ఇలాంటిది పదిహేను నిమిషాలు దాటితే అది గుండెపోటే అనుకుని కదలాలి. పొరబడితే పోయేది కొన్ని గంటలు మాత్రమే.

ముందు అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి. సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్లకూడదు, మొదటి గంటలోనే గుండె లయ తప్పి ఆగిపోయే ప్రమాదం ఎక్కువ. అలర్జీ, రక్తస్రావం లాంటి ఇబ్బందులు లేకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగాలి, నమిలితే త్వరగా పనిచేస్తుంది. నొప్పి ఒక్కసారిగా చీల్చినట్టు వీపులోకి దూసుకుపోతే మాత్రం అది బృహద్ధమని గోడ చీలిక కావచ్చు, అప్పుడు ఆస్పిరిన్ హాని చేస్తుంది. నాలుక కింద పెట్టే నైట్రేట్ మాత్రను ఎవరిది పడితే వాళ్లు వేసుకోకూడదు. బీపీ అప్పటికే తక్కువగా ఉన్నా, అంగస్తంభన కోసం సిల్డెనాఫిల్ 24 గంటల్లోపు గానీ టాడలాఫిల్ 48 గంటల్లోపు గానీ వాడినా, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. గట్టిగా దగ్గుతూ ఉంటే గుండెపోటు నుంచి బయటపడవచ్చన్న సందేశం ఏళ్లుగా తిరుగుతోంది. మూసుకున్న నాళాన్ని దగ్గు తెరవలేదు, అది వినేవాళ్ల విలువైన నిమిషాలను తినేస్తుంది.

మొదటి ఈసీజీ నార్మల్‌గా వచ్చినా నొప్పి ఆగకపోతే కొన్ని నిమిషాలకు మళ్లీ తీయాలి. కండరం చస్తుంటే రక్తంలోకి ట్రోపోనిన్ అనే ప్రోటీన్ విడుదలవుతుంది, కానీ అది కనిపించడానికి కొన్ని గంటలు పట్టవచ్చు. అందుకే ఆ పరీక్షను కూడా గంటల తేడాతో రెండుసార్లు చేస్తారు. ఒక్క రిపోర్టు చూసుకుని ఇంటికి వచ్చేయడం అన్యాయంగా ప్రాణాలు తీస్తోంది.

కార్డియాక్ అరెస్ట్ వేరు

గుండెపోటు రక్తనాళం సమస్య, అందులో మనిషి సాధారణంగా స్పృహలోనే ఉంటాడు. కార్డియాక్ అరెస్ట్ కరెంటు సమస్య. జఠరికల్లో సంకేతాలు చెల్లాచెదురై, కండరం బిగుసుకోకుండా ఊరికే వణుకుతుంది, రక్తం ముందుకు వెళ్లదు. మనిషి క్షణాల్లో కుప్పకూలిపోతాడు. గుండెపోటు దీనికి దారితీయవచ్చు, కానీ రెండూ ఒకటి కాదు.

పిలిస్తే పలకడం లేదు, ఊపిరి లేదు లేదా ఆగి ఆగి ఎగశ్వాసలా వస్తోంది అంటే వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. ఎగశ్వాసను చూసి "ఊపిరి ఉందిలే" అని ఆగిపోవడం చాలామంది చేసే పొరపాటు. మనిషిని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్య ఎముక కింది సగం మీద అరచేతి మడమ ఉంచి, రెండో చెయ్యి దానిపై వేసి, మోచేతులు వంచకుండా 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నిమిషానికి 100–120 సార్లు నొక్కాలి. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి, లేవకపోతే గుండెలోకి రక్తం చేరదు. నోటితో ఊపిరి ఇవ్వడం తెలిసినవాళ్లు 30 నొక్కుళ్లకు రెండుసార్లు ఇవ్వవచ్చు. తెలియనివాళ్లు ఆపకుండా నొక్కితే చాలు. నీటమునిగినవాళ్లకు, పిల్లలకు మాత్రం ఊపిరి ఇవ్వడం ముఖ్యం. రెండు నిమిషాలకు ఒకసారి మనిషి మారాలి, లేకపోతే తెలియకుండానే లోతు తగ్గిపోతుంది. పక్కటెముక విరుగుతుందేమోనన్న భయం వద్దు, విరిగిన ఎముక అతుక్కుంటుంది. ఏమీ చేయకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. గుండెకు షాక్ ఇచ్చి లయ సరిచేసే ఏఈడీ యంత్రం దొరికితే దాన్ని ఆన్ చేసి అది చెప్పినట్టు చేయడమే, షాక్ అవసరం లేనివాళ్లకు అది షాక్ ఇవ్వదు.

కండరం అలసిపోతే

హార్ట్ ఫెయిల్యూర్ అన్న పేరు వింటేనే గుండె ఆగిపోయిందనుకుంటారు. ఆగలేదు, ఒంటి అవసరానికి సరిపడా తోయలేకపోతోంది. గుండెపోటు మచ్చలు, ఏళ్లనాటి బీపీ, కవాటాల జబ్బు, మద్యం, కొన్ని వైరస్‌లు దీనికి కారణాలు.

ఈ జబ్బు ముదరడానికి సగం కారణం మూత్రపిండాలు పొరబడటం. గుండె తక్కువ రక్తం పంపితే, ఒంట్లో నీరు తగ్గిపోయిందని అవి అనుకుంటాయి. ఉప్పును, నీటిని పట్టి ఉంచుతాయి, నాళాలను బిగించే హార్మోన్లు విడుదలవుతాయి. అలసిన గుండె మీద ఇంకా బరువు పడుతుంది. వెనక్కి నిలిచిన నీరు ఊపిరితిత్తుల్లో చేరితే ఆయాసం, కాళ్లలో చేరితే వాపు. పడుకుంటే కాళ్లలోని నీరు ఛాతీ వైపు వస్తుంది. అందుకే రెండు మూడు దిండ్లు లేనిదే నిద్ర పట్టదు, అర్ధరాత్రి ఊపిరి అందక లేచి కూర్చుంటారు. ఇప్పుడు వాడే ప్రధాన మందుల్లో చాలావరకు ఈ తప్పుడు హార్మోన్ల గొలుసును తెంపేవే. అందుకే వాపు తగ్గినా వాటిని ఆపకూడదు.

ఎకో (గుండె స్కాన్) రిపోర్టులో ఎజెక్షన్ ఫ్రాక్షన్ 60 శాతం అని చూసి "గుండె 60 శాతమే పనిచేస్తోంది" అని కుమిలిపోయే కుటుంబాలు ఉన్నాయి. ఆ అంకె అర్థం వేరు. నిండిన జఠరిక ఒక్క దెబ్బకు ఎంత శాతం ఖాళీ చేస్తుందన్నదే అది, 55 నుంచి 70 మధ్య ఉంటే పూర్తిగా మామూలు. 40, అంతకన్నా తక్కువైతే పంపు బలహీనపడినట్టు. అయితే ఇది మామూలుగా ఉండి కూడా హార్ట్ ఫెయిల్యూర్ రావచ్చు. మందమైన గోడ తోయగలదు కానీ సడలలేదు కదా, బీపీ ఉన్న పెద్దవాళ్లలో ఈ రకమే ఎక్కువ.

ఈ జబ్బు ఉన్న ఇంట్లో అన్నిటికన్నా పనికొచ్చే పరికరం బరువు తూచే యంత్రం. రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు తూచుకుని రాసుకోవాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ఆయాసం రాకముందే డాక్టరుకు చెబితే మందు మోతాదు సర్దడంతో సరిపోతుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఉప్పును, నీటిని పట్టి ఉంచుతాయి. మోకాళ్ల నొప్పికని నాలుగు రోజులు వేసుకుని ఆస్పత్రి పాలైనవాళ్లు తక్కువేమీ కాదు.

కవాటాలు, లయ

కవాటం చెడటం రెండు రకాలు: సరిగా తెరుచుకోకపోవడం, సరిగా మూసుకోకపోవడం. పిల్లల్లో స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా వల్ల వచ్చిన గొంతునొప్పికి సరైన చికిత్స జరగకపోతే, కొందరిలో రెండు మూడు వారాలకు రుమాటిక్ జ్వరం వస్తుంది. బ్యాక్టీరియా మీదికి వెళ్లాల్సిన రక్షణ వ్యవస్థ కీళ్లతో పాటు గుండె కవాటాలనూ దెబ్బతీస్తుంది. కీళ్లు బాగుపడతాయి, కవాటం బాగుపడదు. నాలుగు నుంచి ఆరు చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవాల్సిన మైట్రల్ కవాటం (ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ మధ్య ఉండేది) ఏళ్లు గడిచేకొద్దీ ఒకటిన్నర కన్నా తగ్గుతుంది. గర్భంలో రక్తం పరిమాణం 40–50 శాతం పెరుగుతుంది కాబట్టి, అప్పటిదాకా దాగి ఉన్న ఈ ఇరుకు చాలామంది మహిళల్లో గర్భిణిగా ఉన్నప్పుడే మొదటిసారి బయటపడుతుంది. రుమాటిక్ జ్వరం ఒకసారి వచ్చిన పిల్లలకు మూడు నాలుగు వారాలకు ఒకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి ఇస్తారు. ప్రతి కొత్త దాడీ కవాటాన్ని ఇంకొంత చెడగొడుతుంది, ఆ దాడులను ఆపడం కోసమే అది. "పిల్లవాడు బాగానే ఉన్నాడు కదా" అని ఇంజెక్షన్లు మానేయడం దగ్గరే ఎక్కువ నష్టం జరుగుతోంది.

పెద్ద వయసులో బృహద్ధమని కవాటానికి కాల్షియం పట్టి బిగుసుకుంటుంది. శ్రమలో ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, ఆయాసం మొదలయ్యాయంటే మందులతో లాభం లేదు, కవాటం మార్చాలి. 2002లో అలెన్ క్రిబియే ఫ్రాన్స్‌లో ఛాతీ తెరవకుండా రక్తనాళం గుండా కొత్త కవాటాన్ని అమర్చి చూపించాక, పెద్ద ఆపరేషన్ తట్టుకోలేని వాళ్లకూ దారి దొరికింది.

లయ తప్పడంలో చాలావరకు ప్రమాదం లేనివే. ఒక దెబ్బ తప్పినట్టు, తర్వాతిది గట్టిగా కొట్టినట్టు అప్పుడప్పుడూ అనిపిస్తే, గుండె నిర్మాణం బాగున్నవాళ్లలో భయం అక్కర్లేదు. పట్టించుకోవాల్సింది ఏట్రియల్ ఫిబ్రిలేషన్. కర్ణికలు బిగుసుకోకుండా వణుకుతాయి, నాడి ఏ వరసా లేకుండా కొట్టుకుంటుంది. ఆ చివరి పావు వంతు రక్తం దిగకపోవడంతో ఆయాసం రావచ్చు, కానీ అసలు ముప్పు మెదడుకు. ఎడమ కర్ణికకు సంచిలా వేలాడే మూలలో రక్తం నిలిచి గడ్డ కడుతుంది, అది జారి మెదడుకు చేరితే పక్షవాతం. ఈ జబ్బు ఉన్నవాళ్లకు పక్షవాతం ముప్పు దాదాపు అయిదు రెట్లు. దీన్ని ఆపడానికి ఆస్పిరిన్ చాలదు, రక్తం గడ్డకట్టే ప్రక్రియనే అడ్డుకునే వేరే మందులు కావాలి. మణికట్టు దగ్గర మూడు వేళ్లతో నాడిని నిమిషం పాటు పట్టుకుని చూస్తే, వరస తప్పుతోందో లేదో ఎవరికైనా తెలుస్తుంది.

చేతిలో ఉన్న అంకెలు

బీపీ కొలవడంలోనే చాలా తప్పులు జరుగుతాయి. అరగంట ముందు కాఫీ, పొగ ఉండకూడదు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చేయి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. పట్టీ చేతికి సరిపోకుండా చిన్నదైతే లేని బీపీ చూపిస్తుంది. నిమిషం తేడాతో రెండుసార్లు కొలవాలి. డాక్టరు దగ్గర వేర్వేరు రోజుల్లో 140/90 దాటితే అది బీపీ.

కొలెస్ట్రాల్ రిపోర్టులో చూడాల్సిన అంకె ఎల్‌డీఎల్. మొత్తం కొలెస్ట్రాల్ ఎంత అన్నది పెద్దగా ఉపయోగపడదు. గుండెపోటు వచ్చినవాళ్లలో ఎల్‌డీఎల్ 70 కన్నా, వీలైతే 55 కన్నా కిందికి దించాలని చూస్తారు. దాన్ని సుమారు 39 మిల్లీగ్రాములు తగ్గించిన ప్రతిసారీ గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ప్రమాదాలు అయిదో వంతు తగ్గుతాయి. తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చిన వాళ్లుంటే లైపోప్రోటీన్-ఎ పరీక్ష జీవితంలో ఒక్కసారి చేయించుకోవడం మంచిది. అది పుట్టుకతో వచ్చే అంకె, పెద్దగా మారదు. అది ఎక్కువగా ఉంటే మిగతా వాటిని ఇంకా గట్టిగా అదుపులో పెట్టాలి. పొగ మానేసినవాళ్లలో దాని వల్ల పెరిగిన గుండె ముప్పు ఏడాదిలో దాదాపు సగానికి పడుతుంది, ఏ మాత్రా అంత చేయలేదు.

"బీపీ నార్మల్‌కు వచ్చింది కదా, ఎల్‌డీఎల్ తగ్గింది కదా" అని మాత్రలు ఆపేవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆ నార్మల్ ఎవరిది, ఒంటిదా, మాత్రదా? స్టాటిన్ ఆపిన కొన్ని వారాల్లోనే ఎల్‌డీఎల్ తన పాత అంకె దగ్గరికి తిరిగి వెళుతుంది.